డిక్కీలో సోడాల వీధి

ఏడేళ్ళ క్రితం రోడ్డు విస్తరణలో కూల్చేసిన సోడాల వీధి, విస్తరణ శాఖ కారులోంచి దొంగతనంగా కరెంటు లాగుతోందని మంగళవారం ఉదయం పదిన్నరకు బయటపడింది.

కనిపెట్టినవాడు ఖాదర్ వలీ. లాకుల పేటలో ముప్పై ఏళ్ళుగా కార్ల కరెంటు పని చేస్తున్నాడు. ఆ తెల్ల కారు ఒకే నెలలో మూడోసారి జనం చేత తోయించుకుని అతని షెడ్డుకొచ్చింది. డ్రైవరు నూకరాజు బానెట్ ఎత్తాడు. ఖాదర్ మీటరు ఎర్ర వైరును బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరును మైనస్ మీద పెట్టాడు. పన్నెండు వోల్టులు కూడా లేదు. వేరే బ్యాటరీ ఆనించి ఇంజను స్టార్ట్ చేయించి మళ్ళీ చూశాడు. ఆల్టర్నేటరు దగ్గర పద్నాలుగు పాయింట్ రెండు. బ్యాటరీ దగ్గర పన్నెండే.

"పుట్టేచోట బానే పుడతందండి. చేరాల్సినచోటికి చేరట్లేదు. మధ్యలో ఎవరో తాగేస్తన్నారు," అన్నాడు.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. హారను, లైట్లు, వైపర్లు. మీటరు కదల్లేదు. చివరికి ఏ ఫ్యూజుతోనూ సంబంధం లేని పచ్చ వైరు ఒకటి దొరికింది. అది సీట్ల కిందుగా పాకి డిక్కీలోకి దూరింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ పక్కన సోడాల వీధి ఉంది.

కూల్చిన వీధి ఉండటంలో వింతేమీ లేదు. కూల్చిన ప్రతి వీధినీ మడిచి, ఎర్ర టేపు కట్టి, నంబరు వేసి రికార్డు రూములో భద్రపరచాలన్నది శాఖ నియమం. అలాంటివి అక్కడ నలభై ఒకటి ఉన్నాయి. ఏడాదికోసారి మడతల మధ్య కలరా ఉండలు వేస్తారు. ఒక్క షరతు, వాటికి కరెంటు ఇవ్వకూడదు. ఇస్తే వీధి మేలుకుంటుంది. మేలుకున్న వీధిలో జనం ఉంటారు. జనం ఉన్న వీధిని కూల్చినట్టు లెక్క కాదు కనక, దాని మీద వేసిన రోడ్డు చెల్లదు.

సోడాల వీధి మేలుకునే ఉంది. అక్కడ సాయంత్రం ఆరున్నర. సోడా కొట్టులో గోలీ కిందికి దిగిన చప్పుడు వినబడింది. పక్కన టైలరు, గుండీ కుడుతూ కిటికీలోని రేడియోకి తల ఊపుతున్నాడు. ఎవరో వాకిట్లో నీళ్ళు చల్లారు. తడిసిన దుమ్ము వాసన డిక్కీలోంచి వచ్చి షెడ్డులోని గ్రీజు వాసనను కాసేపు నెట్టేసింది. అరుగు మీద ఇద్దరు ముసలాళ్ళు ఒకే పేపరును చెరో సగం చదువుకుంటున్నారు. నూకరాజు కళ్ళు తుడుచుకుని ఆఫీసుకు ఫోన్ చేశాడు.

ఆఫీసు వంద గజాల దూరమే. సూపరింటెండెంటు హైమావతి రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే ఇంజనీరు దివాకరం వచ్చాడు. ఆ కారు శాఖ ఆయనకిచ్చిందే. ఆయన డిక్కీ వైపు చూడలేదు. బ్యాటరీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"వైరు నువ్వే వేశావా, నూకరాజూ?" అంది హైమావతి.

"నాకు తోలడమే వచ్చండి. మా ఆవిడ ఇంట్లో బల్బు కూడా మార్చనివ్వదండి, పోతావు నాయనో అంటాది."

"డిక్కీ తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరేనండి."

"అయితే నేరం నీదే. తాళం ఉన్నవాడిదే బాధ్యత, రూలు అంతే."

"ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతానండి, అమ్మా!"

"రూల్లో నెలల సంగతి లేదు," అని ఆమె సస్పెన్షన్ కాగితం మీద పేరు రాయడం మొదలుపెట్టింది. కారుకు రెండో తాళంచెవి ఉందా అని ఎవరూ అడగలేదు.

"ఆగండమ్మా," అన్నాడు ఖాదర్. "నా పరీక్ష అవలేదు. ఈ వైరు తీత్తే వోల్టేజి పెరగాల. పెరక్కపోతే దొంగ వేరే ఉన్నట్టు."

పచ్చ వైరు పీకాడు. బ్యాటరీ దగ్గర మీటరు పద్నాలుగు పాయింట్ రెండుకి ఎగబాకింది. పరీక్ష నెగ్గింది. రేడియో పాట మధ్యలో ఆగింది. డిక్కీలో చీకటి పడింది.

ఆ చీకట్లోంచి ఒక ఆడగొంతు వినబడింది. "ఒరే దివా! కరెంటు పోయిందిరా. కదలకు, అక్కడే ఉండు. లాంతరు తెస్తన్నా."

హైమావతి కలం ఆగింది. ముగ్గురూ దివాకరం వైపు తిరిగారు. ఆయన జేబులోంచి రెండో తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు.

"నేనే," అన్నాడు. "నూకరాజు పేరు కొట్టేయండి, హైమావతిగారూ. కూల్చమని సంతకం పెట్టిందీ నేనే. రోడ్డుకి ఎనభై అడుగులు కావాలి, మా ఇల్లు యాభయ్యో అడుగులో ఉంది. కొలత సరిగానే ఉంది, ఇప్పుడు కొలిచినా అంతే వస్తుంది. నా చేతుల్తోనే మడిచి టేపు కట్టాను. మర్నాడు రికార్డు రూములోకి వెళ్ళి కట్టకి చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. అందుకని తెచ్చి ఇందులో పెట్టాను. కారు తిరిగినంతసేపూ మా అమ్మ వెలుగులో ఉంటుంది కదా. ఈ ఏడేళ్ళూ సైట్లు చూడాలని నూకరాజుని ఊరంతా తిప్పింది అందుకే. నాకు ఏ శిక్ష రాసుకున్నా సరే. కానీ ఖాదర్, ముందా వైరు తగిలించవయ్యా, ఆవిడ చీకట్లో మెట్లు దిగుతోంది. ఇంకోటి. మీ లాకుల పేట ఫైలు పొద్దున్నే వచ్చింది. సంతకం పెట్టేశాను. అందుకని ఈసారి పెద్ద బ్యాటరీ చూడు. రెండు వీధులు లాగాలి."