అనార్ బాగ్ జాగాలో తువ్వాల

ఆ ఎండాకాలం అనార్ బాగ్‌కు సెలవు మంజూరైంది కాబట్టి, ఊళ్లలో ఉన్న పాత తోటలను చూసి రావడానికి అది పెంటయ్య కారు మాట్లాడుకుంది. నవాబుల కాలం నుంచి ఒక్క రోజు కూడా సెలవు పెట్టని తోట అది. పాత తోటలకు ఊళ్లు తిరిగే సెలవు ఇవ్వాలని సర్కారు ఎప్పుడో ఒప్పుకుంది. అడిగే తీరిక తోటలకే లేకపోయింది.

బయలుదేరే ముందు రోజు పెంటయ్య ఇంటి ముందర కూర్చుని దారి ఆలోచించారు. పెంటయ్య భార్య సత్తెమ్మ ముగ్గుపిండితో నేల మీద రోడ్లు గీసింది. తోట పక్కన కుదురుగా కూర్చుని చూసింది. దాని నీడ పక్కింటి దాకా పడితే, పక్కింటివాళ్లు మంచం తెచ్చి ఆ నీడలో వేసుకున్నారు.

"ముందుగాల చెల్లెను చూద్దాం," అంది తోట. "నా దానిమ్మ కొమ్మలకు అంటు కట్టి, ఎడ్లబండ్ల మీద తీస్కపోయి పెట్టిండ్రు దాన్ని. మల్ల మొఖం చూడలే."

"చెల్లె ఏడికి పోతది బాగ్ సాబ్," అన్నాడు పెంటయ్య. "రాణి తోట, దొరల సీతాఫలాల తోట చూస్కుంట పోదాం. ఆఖరుకు చెల్లె. అటెంక పెద్ద రోడ్డు పట్టుకుంటే సీదా ఇంటికి."

"ముసలిదానికి చెల్లె మీద పాణం కొట్టుకుంటుంటే నీకు చుట్టు తిరుగుడు గావాలె," అంది సత్తెమ్మ. పెంటయ్య వినలేదు. దారి సంగతి డ్రైవర్‌కే తెలుస్తుందని అతని నమ్మకం.

తోటకు దిగులు వేరే ఉంది. "నేను లేనప్పుడు నా జాగల ఇంకెవలన్న కూసుంటే?"

పెంటయ్య నవ్వాడు. "బస్సుల సీటు ఎట్ల ఆపుకుంటం? కిటికీల నుంచి తువ్వాలేస్తం. తువ్వాలున్న సీట్ల ఎవడన్న కూసున్నడా ఇప్పటిదాంక? నాది పూచీ."

అది నిజమే. కొట్లాటకు వచ్చినవాడు కూడా తువ్వాల చూస్తే నిలబడే ప్రయాణం చేస్తాడు. పొద్దున్నే చెట్లు, కాలువలు, రాతి ఫౌంటెన్ సర్దుకుని తోట వెనక సీట్లో కూర్చుంది. చెట్ల కొనలు బయటికి వస్తుంటే పెంటయ్య అద్దం దించాడు. పెళ్లివాళ్లు ఇంతకన్నా ఎక్కువ సామాను ఎక్కిస్తారు. ఖాళీ అయిన నేల నడుమ అతను భుజం మీది ఎర్రంచు తువ్వాల పరిచి రాయి పెట్టాడు. సెలవులు చూసే ఆఫీసరు వచ్చి, జాగా ఆపినట్టే లెక్క అని ఒప్పుకుని వెళ్లాడు.

రాణి తోటకు చేరేసరికి తోట లేదు. కార్లు నిలిపే మైదానం ఉంది. దాని నడుమ ఒక పట్టు శాలువా, చుట్టూ తాడు. "సెలవు మీద పోయింది," అన్నాడు కాపలాదారు. "నిరుడు."

దొరల తోట జాగాలో ఫంక్షన్ హాలు ఉంది. వాళ్లు మర్యాద తెలిసినవాళ్లు. తోట పరిచిపోయిన తువ్వాలను తొక్కకుండా దాని చుట్టూ వంటశాల కట్టుకున్నారు.

పెంటయ్య కారును వెనక్కి తిప్పబోయాడు. "వాపస్ పోదామా బాగ్ సాబ్? నా తువ్వాల మీద నాకే నమ్మకం పోతున్నది."

"ఇంత దూరమొచ్చి చెల్లెను చూడకుండ పోతనా," అంది తోట. "పోనియ్యి."

చెల్లెలి జాగాలో నేల ఇంకా తడిగా ఉంది. నడుమ మడత నలగని తువ్వాల ఉంది. నీళ్లు పోసే ముసలమ్మ గట్టు మీద కూర్చుని ఉంది.

"మొన్ననే పోయిందయ్యా. అక్కను చూసొస్తనని కారు మాట్లాడుకుంది. పెద్ద రోడ్డు మీద మీకు ఎదురుగాలేదా?"

పెంటయ్య తల వంచుకున్నాడు. వాళ్లు పెద్ద రోడ్డున రాలేదు.

"జర్రసేపు దిగి కాళ్లు చాపుకోరాదు," అంది ముసలమ్మ. తోట తువ్వాల వైపు చూసింది. "ఆపుకున్న జాగల ఎట్ల దిగుత," అంది. కారు దిగలేదు.

పెద్ద రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా వెనక్కి వచ్చారు. అనార్ బాగ్ జాగాలో లోతైన గుంట ఉంది. గుంట నడుమ మట్టిదిబ్బ ఒకటి స్తంభంలా నిలబడి ఉంది. దాని మీద ఎర్రంచు తువ్వాల, రాయి.

కట్టడం చూసే ఇంజనీరు ఎదురొచ్చి తోటకు నమస్కారం పెట్టాడు. "తువ్వాల జోలికి మేం పోలేదు పెద్దమనిషీ. అది ఎంత మేర పరుచుకుందో అంత జాగా మీదే. ఎవ్వరూ కాదనరు."

"ఈడికి ఇంకో తోట వచ్చిందా?" అడిగాడు పెంటయ్య.

"వచ్చింది. గుంట తవ్వకముందే. అక్క వచ్చేదాంక దిగి కూసుంటనంది. తువ్వాల చూసి, ఎవరో ఆపుకున్నరని మల్ల కారెక్కింది. ఎటు పోయిందో తెల్వదు."

పెంటయ్య ఆఫీసరు దగ్గరికి పోయాడు. ఆఫీసరు వచ్చి, తువ్వాల పరుచుకున్నంత మేర చూసి, సెలవు ముగిసిందనీ తోట విధుల్లో చేరవచ్చనీ చెప్పాడు. ఆ మేరలో తోటలోని ఒక్క దానిమ్మ మొక్కే పట్టింది. అది అక్కడ చేరింది. మిగతా తోట కారులోనే ఉండిపోయింది.

బస్టాపు పేరు మారలేదు. లేచిన ఫ్లాట్లకూ అదే పేరు పెట్టారు. పెంటయ్య ఇప్పుడు ముందు సీట్లోనే కిరాయివాళ్లను ఎక్కించుకుంటాడు. వెనక చెట్లున్నాయని ఎవరూ వింతపడరు. చల్లగా ఉందంటారు. సత్తెమ్మ పొద్దున్నే బిందెతో వచ్చి సీటు తడుపుతుంది.

సిగ్నల్ పడినప్పుడల్లా తోట పక్క కార్ల వెనక సీట్లలోకి చూస్తుంది. అక్కడక్కడ ఆకులు కనిపిస్తాయి, చెల్లెవి కావు. ఒకరోజు పక్కన ఆగిన బస్సులో కండక్టర్ "అనార్ బాగ్ దిగేటోళ్లు రావాలె" అని పిలిచాడు. చాలామంది దిగి, ఎవరి దారిన వాళ్లు పోయారు.

"దిగుతవా బాగ్ సాబ్?" అన్నాడు పెంటయ్య.

"ఈడ నాకేం పని," అంది తోట. "పచ్చ లైటు పడ్డది. పోనియ్యి."