సూక్ష్మరూపంలో ఆరో తరగతి

నిష్పత్తి రాని పిల్లలు లోకానికి బరువని పైఆఫీసు తేల్చేసింది. వచ్చినవాళ్ళు ఏమవుతారో ఇంకా తేలలేదు (ఆ ఫైలు నడుస్తూనే ఉంది). అంకెలు బుర్రకెక్కవు గనక బొమ్మలతో చెప్పాలన్నారు. రెండు ఎర్ర గుండ్రాలకి మూడు నీలం చతురస్రాలు, చేత్తో పేర్చి చూసుకోవాలి. పద్ధతి మంచిదే. మంచి పద్ధతిని పైఆఫీసు ఊరికే వదులుతుందా?

ఆరో తరగతి లెక్కల టీచరమ్మ తన నలభై మంది పిల్లలకి ఇరవై బొమ్మల పెట్టెలు అడిగింది. ఒకటి దిగింది. పైఆఫీసుకి ఫోన్ చేసింది.

"నలభైకి ఇరవై, నిష్పత్తిలో చెప్పండమ్మా," అన్నాడు ఆకారాల అధికారి, బోలెడంత ఓర్పుతో.

"రెండుకి ఒకటి సార్."

"అదే పంపాం. రెండు వైపులా ఇరవైతో కొట్టేసి, సూక్ష్మరూపంలో. పెట్టె ముందు ఇద్దర్ని కూర్చోబెట్టండి. నిష్పత్తి చెక్కుచెదరదు."

"మరి మిగతా పిల్లలు?"

"సూక్ష్మరూపంలో మిగతా ఉండదమ్మా."

ఇద్దర్నీ హెడ్మాస్టారే ఎంచారు. ఒకడు ఆయన మేనల్లుడు, ఇంకొకడు బడి కమిటీ పెద్దగారి మనవడు. ఎంపిక పారదర్శకంగా జరిగింది (అందరూ చూశారు).

టీచరమ్మ బెంగంతా వెనక బెంచీ పిల్ల మీద. కుదురుగా కూర్చోదు గనక దానికి పిచ్చుక అని పేరు. ఈ నిష్పత్తి పరీక్ష కూడా తప్పితే బడి మాన్పించేస్తానని వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్ళాడు. టీచరమ్మ పాత అట్టపెట్టె కోసి, గుండ్రాలూ చతురస్రాలూ చేసి దాని ముందు పోసింది. పిచ్చుక పేర్చింది, చెరిపింది, మళ్ళీ పేర్చింది.

"టీచర్! నాలుగు గుండ్రాలు పెడితే ఆరు చతురస్రాలు పెట్టాలి. లేపోతే బొమ్మ కుంటుతుంది!"

"అవి దాచేయండమ్మా, కొంప ముంచేలా ఉన్నారు," అన్నారు హెడ్మాస్టారు. గుర్తింపు లేని ఆకారాలవి (ఒక గుండ్రం కాస్త కోలగా కూడా ఉంది).

పరీక్ష రోజు అధికారి స్వయంగా వచ్చాడు. పెట్టె ముందు ఇద్దరూ పేర్చారు. మిగతావాళ్ళు వరండాలో ఉన్నారు, అంటే లేరు.

"ఇద్దరికి ఇద్దరు. అంటే నలభైకి నలభై. నూటికి నూరు!" అన్నాడు అధికారి.

టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అయితే అందరూ పాసేనా సార్?"

"నిష్పత్తి పాసైందమ్మా. పిల్లలు కాదు."

ఆమె పిచ్చుకని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. "దీన్ని ఒక్కటడగండి సార్, మీకు పుణ్యముంటుంది."

"ఏమ్మా, ఆరు గుండ్రాలకి ఎన్ని చతురస్రాలు?"

"తొమ్మిది."

"ఎలా చెప్పావ్?"

"కనపడుతున్నాయిగా సార్, కళ్ళ ముందు."

అధికారి పిల్ల ముందున్న నేలంతా వెతికాడు. "ఏమీ లేవే! పెట్టెలో లేనివి కనపడినా చెల్లవమ్మా."

మర్నాడే నాన్న వచ్చి పిచ్చుక సంచీ భుజాన వేసుకున్నాడు. "చెప్పాను కదమ్మా," అన్నాడంతే. టీచరమ్మ గేటు దాకా వెళ్ళి, ఊరికే తిరిగొచ్చింది.

హాజరు ముప్పై తొమ్మిదికి దిగింది. ముప్పై తొమ్మిదికి ఇరవై. దాన్ని ఏ అంకెతో కొట్టేద్దామన్నా పైఆఫీసు వల్ల కాలేదు. చేసేది లేక ఇరవై పెట్టెలూ పంపేశారు.

"చూశారా టీచరమ్మా," అన్నారు హెడ్మాస్టారు, దించిన పెట్టెల్ని ఆప్యాయంగా తడుముతూ, "ఒక్క పిల్ల తగ్గితే ఎంత మేలు జరిగిందో!"