ఒకరు ఉమ్మితే ఇద్దరికి చాలు

ఇంట్లో ఒక్కరు ఉమ్మితే చాలు, రక్తసంబంధీకులందరి గుట్టూ బయటపడే రోజులు వచ్చాయి. మానవజాతికి ఇంతకు మించిన ఉపకారం ఇంకొకటి జరిగిందా? పూర్వం ఒక కుటుంబం గుట్టు రాబట్టాలంటే ఎన్ని గడపలు తొక్కాలి, ఎంతమందితో అక్కరలేని స్నేహాలు చేయాలి! ఇప్పుడు బొటనవేలంత గొట్టంలో అరచెంచా ఉమ్మి, ఒక జన్యు పరీక్ష. తాతగారి కాలేయం మొదలు ఇంకా పుట్టని మనవడి బట్టతల దాకా సమస్తం ఒకే ఫైలులో!

అయినా కృతఘ్నులు ఉంటారు. వారిని కనిపెట్టడానికే ప్రజాభిప్రాయ సర్వేలు. అటువంటి ఒక కృతఘ్నురాలి సంగతి చిత్తగించండి.

ఆవిడ ముప్ఫై నాలుగేళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయింది. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో మూడో మనిషికి చెప్పి ఎరుగదు. తన భార్య విడాకుల చట్టం మీద ఏమైనా చదువుతోందా అని ఒక భర్తగారు ఆరా తీస్తే, మీకేం కావాలో మీరు చెప్పండి, ఆవిడకేం కావాలో ఆవిడే చెబుతుంది అని పంపేసిన మనిషి.

ఆవిడకో కవల చెల్లెలు. పదకొండు నిమిషాలు చిన్నది. పోలికలు అచ్చుగుద్దినట్టు ఒకటే. ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు. ఇద్దరిదీ ఒకటే ఫ్లాట్. వాళ్లమ్మ చివరి అయిదేళ్లూ మతిమరుపు జబ్బుతో, కన్న కూతుళ్లనే ‘మీరెవరమ్మా?’ అని ఎంతో మర్యాదగా అడుగుతూ కన్నుమూసింది. ఆ జబ్బు తనకూ రాసిపెట్టి ఉందో లేదో తెలుసుకోకూడదని అక్కగారు నిశ్చయించుకుంది. చివరి పేజీ ముందుగా తిప్పి చూసేవాళ్లంటే ఆవిడకు మొదటినుంచీ చిన్నచూపే.

ఒక ఉదయం సర్వే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. జన్యు సమాచారం పంచుకోవడం మీకు సమ్మతమేనా? ‘సరే’ అన్నవారికి ఆ ఒక్క ప్రశ్నతో విముక్తి. ‘వద్దు’ అన్నవారికి ఇంకో ఇరవై ఆరు! ఎందుకు వద్దో చెప్పడానికి మూడు గడులు: అవగాహన లేదు, భయం, వయోభారం. నాలుగోది లేదు. ఉండవలసిన అవసరం మాత్రం ఏముంది? బుద్ధి స్థిమితంగా ఉండి కూడా వద్దనేవాళ్లు ఉంటారని ఎవరు ఊహిస్తారు?

‘‘ఏదో ఒకటి నొక్కండి ఆంటీ. లేకపోతే ఇది ముందుకు కదలదు.’’

‘‘కదలొద్దనే కదమ్మా నేను చెప్పేది.’’

అమ్మాయి నిట్టూర్చి, రోజుకు ముప్ఫై ఇళ్లు పూర్తి చేయాలని మొరపెట్టుకుని, చివరికి ‘భయం’ నొక్కింది. ఆ తరువాత నియమం ప్రకారం ఆవిడ ముఖాన్ని ఫొటో తీసింది. ట్యాబ్ తక్షణం గుర్తుపట్టింది: ఈ వ్యక్తి నెలన్నర కిందటే నమూనా ఇచ్చారు, సమ్మతి తెలిపారు.

పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

టేపు మెడలో వేసుకుని చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. దారాల కోసం బజారుకు వెళితే అక్కడ ఉచిత శిబిరం పెట్టారట. అందరూ ఉమ్ముతుంటే తానూ ఉమ్మిందట. ఫొటో కూడా తీశారట.

ఆ మనిషి వేరు, నేను వేరు అని అక్కగారు వాదించింది. అమ్మాయి సూపర్‌వైజరుకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. ఆయన విషయమంతా ఓపికగా విన్నాడు. కవలలని తెలిశాక ఆయన గొంతులో మరింత నిశ్చింత వినిపించింది.

‘‘సరుకు ఒకటే కదా మేడమ్. దానికి సమ్మతి వచ్చేసింది. రెండో అభిప్రాయం రాస్తే డూప్లికేట్ అవుతుంది. మీ ‘వద్దు’ తీసేస్తాం.’’

ఎంత సులువు! వద్దనే శ్రమ కూడా తప్పించారు. ఇలాంటి సదుపాయం ఏ యుగంలో ఉంది?

అక్కగారు ఫోను వైపు చూడలేదు. చెల్లెలి వైపు తిరిగింది.

‘‘రిపోర్టు వచ్చిందా?’’

‘‘వచ్చిందక్కా.’’

‘‘చదివావా?’’

‘‘చదివాను. నువ్వు అడిగితే తప్ప చెప్పకూడదనుకున్నాను. అడగకే.’’

ఆవిడ అడగలేదు. చెల్లెలి భుజం మీదుగా పక్కగదిలో కొక్కేలకు వేలాడుతున్న బట్టలు కనిపించాయి. ప్రతి బట్టకూ గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. ఎవరిది, ఏ కొలత, ఎప్పటికి ఇవ్వాలి. నలభై ఏళ్లుగా వందలమంది కొలతలు తలలోనే పెట్టుకుని, కాగితం మీద రాసుకునే టైలర్లను వెక్కిరించిన మనిషి ఆ చెల్లెలు. ఒక చీటీ మీద తమ ఇంటి ఫోను నంబరు కూడా ఉంది.

అక్కగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూస్తే ఎవరి ముఖం వాళ్లకే కనిపిస్తుంది.

అమ్మాయి ధన్యవాదాలు చెప్పి పక్కింటి బెల్లు కొట్టింది. సర్వేలో ఆ ఇల్లు ‘సంపూర్ణ అనుకూలం’ కింద నమోదయింది. లైబ్రేరియన్‌గారు వద్దన్న సంగతి మాత్రం ఏ పట్టికలోనూ, ఏ నివేదికలోనూ, ఎవరి కంటా పడకుండా కట్టుదిట్టంగా దాచిపెట్టారు. సర్వే సంస్థవారు గోప్యత పాటించరని ఇంకా ఎవరైనా అంటారా?