కిగ్గుండు గీసిన గీత

కంపాలాలోని ఆ బ్రెడ్డు కంపెనీలో వ్యాన్లన్నీ కిగ్గుండు అదుపులో ఉంటాయి. శనివారం ఉదయం యజమానిని అడిగి వాటిలో మూడింటిని తీసుకుని, మేకలు, అరటిగెలలు, పంచదార మూటలు, బండ్లకు పట్టినంత మంది చుట్టాలతో పిల్లను అడగడానికి బయలుదేరాడు. పదకొండుకల్లా చేరాలి. కాబోయే మామ ఆలస్యమైతే గేటు తీయని మనిషి. కిందటేడు ఒక సంబంధాన్ని అలాగే వీధిలోంచే సాగనంపాడు. కిగ్గుండుకేమో ఆ పిల్లంటే ప్రాణం.

ఊరు దాటాక, తెల్లటి పొడుగు కంజులు తొడుక్కోవడానికి అందరూ దిగారు. ముస్తాబై మళ్ళీ ఎక్కితే ఒక్క బండీ స్టార్టు కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది కిగ్గుండుకి. డ్రైవర్లు సొంత పనుల మీద తిరుగుతున్నారని, కంప్యూటర్ మ్యాపులో ఊరి చుట్టూ గీత గీసింది తనే. గీత దాటి ఆగిన బండి, ఆఫీసు కంప్యూటర్‌లో తాళం తీస్తే తప్ప మళ్ళీ కదలదు. బండిలో తను కూర్చున్నా అంతేనని పెళ్ళి సంబరంలో తోచనే లేదు పాపం.

ఆఫీసులో ఉన్న నబుకీరకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నేనే. మూడు బండ్లకీ తాళం తియ్యి. ఇవాళ నా పెళ్ళిమాటలు!"

"పెళ్ళని చెప్పే డ్రైవర్లని నమ్మొద్దని మీరేగా అన్నారు సార్. నన్ను పరీక్షిస్తున్నారు కదూ?"

"పరీక్షా లేదు, పాడూ లేదు! నా గొంతు తెలీదా నీకు?"

"పోయినసారీ మీ గొంతేగా. తీసినందుకు వారం రోజులు తిట్టారు."

కిగ్గుండు బతిమాలాడు. ఏడ్చినంత పని చేశాడు.

"అబ్బ, ఈసారి ఎంత బాగా చేస్తున్నారు సార్! మేకల అరుపులు కూడా పెట్టారే!" అని మెచ్చుకుని ఫోన్ పెట్టేసి, ఆయన నేర్పినట్టే పోలీసులకు కబురు చేసింది.

సైరను మోగిస్తూ పోలీసు లారీ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఒగ్వాంగ్ దిగి, "బండ్లు కొట్టేసిందెవరయ్యా?" అని గద్దించాడు.

"మేమే నాయనా," అన్నాడు కిగ్గుండు పెదనాన్న కవీసి. "పిల్లను తెచ్చుకుందామని పోతుంటే ఇవి మొరాయించాయి. పదకొండు దాటితే పిల్ల తండ్రి గేటు తీయడు."

ఇన్‌స్పెక్టర్ మేకలను చూశాడు, కంజులను చూశాడు.

"నాకూ ఉన్నాడులే ఒక మామ. ఎక్కండి!"

చేరేసరికి పదకొండు దాటనే దాటింది. అయినా సైరను వినగానే గేటు బార్లా తెరుచుకుంది. మామగారే ఎదురొచ్చి, "పోలీసులు దిగబెట్టేంతటి అల్లుడా! ముందే చెప్పొద్దూ?" అంటూ పొంగిపోయాడు. ఆ రోజు అత్తారింట్లో పెళ్ళికొడుకు నోరు విప్పకూడదన్న ఆచారం ఎంత మంచిదో కిగ్గుండుకి అప్పుడే తెలిసింది.

సంబంధం ఖాయమైంది. పెళ్ళికి మాత్రం అదే లారీలో రావాలని మామగారు షరతు పెట్టాడు.