ఇంజిన్‌కి పాలాభిషేకం

దసరా పొద్దున బుచ్చయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఉస్మాన్‌గంజ్ బజారుకు వెళ్లి, పూజ హడావుడిలో ఉన్న షాపువాణ్ణి బతిమాలి రంగు డబ్బా తేవడం, ఇంజిన్ బ్లాకనే ఇనుప దిమ్మకి వేసెయ్యడం.

తన పాత అంబాసిడర్ కారు కోసం ఈ బ్లాకును తెచ్చి అంటగట్టింది బావమరిది బాలరాజ్. దానికి ఎన్ని పూతల రంగుందో దేవుడికే తెలియాలి. రంగు కింద తుప్పు, తుప్పు కింద మళ్లీ రంగు. బుచ్చయ్య పెత్రమాస అమావాస్య నుంచి, శాలిబండ ఇళ్లల్లో పాలు పోసి రాగానే కూచుని, వైరు బ్రష్షుతో గీకి గీకి తోమిన కడాయిలా తేల్చాడు. దీపావళికి కారు కదలకపోతే తుక్కుకి అమ్మేసి, ఆ జాగాలో బర్రెను కట్టేస్తానని భార్య ఎల్లమ్మ తెగేసి చెప్పింది మరి.

"నేనొచ్చేదాంక దాన్ని ఎవ్వరు ముట్టొద్దు" అని చెప్పి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి బ్లాకు నిండా పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పూలు లేనిచోటల్లా కొత్త తుప్పు.

"ఏందే ఇది? దీనిమీద నీళ్లెవరు పోసిన్రు?"

"నేనే పోసిన. పండుగ పూట ఇనుప సామానుకు తానం చేపియ్యకుండ పూజెట్ల చేస్తరు?"

"ముట్టొద్దని చెప్పిన గద!"

"ముట్టలే. దూరంకెల్లి చెంబుతోని పోసిన. ఎన్కాల పాలు గూడ పోసిన. పాడి ఇంట్ల పాలకు కరువా?"

బుచ్చయ్యకు ఒళ్లు మండిపోయింది. చేతులు బొబ్బలెక్కేలా గీకిన తుప్పు పూట తిరక్కుండా మళ్లీ వస్తే, మనిషన్నవాడికి మండదా?

ఇంతలో పక్కింటి కమల కేక పెట్టింది. "అన్నా, ఇంజిన్ల పాలూరుతున్నయ్!" నిజమే. బ్లాకు పక్కనుంచి పాలు సన్నగా కారుతున్నాయి. మహిమ అన్నారెవరో. గల్లీ అంతా వచ్చింది. ఒకావిడ బ్లాకు మీదే కొబ్బరికాయ కొట్టింది.

"అది గుడి గాదమ్మా, ఇంజిన్!" బుచ్చయ్య మొత్తుకున్నాడు. ఎవరు వింటారు?

పండగ భోజనానికొచ్చిన బాలరాజ్ ఆ పాలు చూసి పాలిపోయాడు. వెంటనే సాష్టాంగపడ్డాడు. "బావా, అమ్మవారి మహిమ! తుడవకు" అంటూ పాలు కారేచోటే పసుపు ముద్దలు మెత్తసాగాడు.

బోనాలకైనా దండం పెట్టని వీడికి ఇంత భక్తెక్కడిది? బుచ్చయ్య వాణ్ణి పక్కకు నెట్టి, కండువాతో పసుపు తుడిచాడు. గీకేటప్పుడు కంటికి ఆనని, వెంట్రుకంత సన్నటి జానెడు పగులు. పైన పోసిన పాలు కారేది అందులోంచే. రంగు అన్నిటికంటే మందంగా తగిలిందీ అక్కడే. ఈ పొద్దు తనూ రంగేసి దాన్ని కప్పేసి ఉంటే, దీపావళికి కారు పోయేది, బర్రె వచ్చేది.

"తమ్మీ, గిది నీకెర్కేనా?" అంది ఎల్లమ్మ.

"రంగుల కనవడదనుకున్న అక్కా."

"దొంగ సచ్చినోడా! సొంత బావకా? మంచిది తెచ్చేదాంక నీకు ఈ ఇంట్ల బువ్వ లేదు."

అరవడానికి తను దాచుకున్న మాటలన్నీ భార్యే అనేసరికి బుచ్చయ్య ఆ పాల చెంబు కడిగి ఆమె చేతికిచ్చాడు.

సాయంత్రం గల్లీలో అందరూ బుచ్చయ్య చేతిలో జమ్మి ఆకు పెట్టి బంగారమన్నారు. బాలరాజ్ మాత్రం ట్రాలీ ఆటోలో ఇనుము తెచ్చాడు. పగుల్లేని ఇంకో బ్లాకు, రంగు లేకుండా.