సెంటీమీటరు గాయం

రికార్డు గది గుమాస్తాగారి కుడి మోకాలికి ఆపరేషన్ నిర్విఘ్నంగా జరిగిందని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

ఇరవై రెండేళ్ళుగా ఆయన ఫైళ్ళు మోస్తూ నాలుగు అంతస్తులు ఎక్కి దిగుతున్నారు. లిఫ్టు ఉంది కానీ, నిబంధనల ప్రకారం అందులో అధికారులే ఎక్కాలి. ఒకనాడు మూడో అంతస్తు మెట్ల మీద మోకాలు టక్కున పట్టేసింది. కీలు మధ్య మెత్తటి పొర చిరిగిందని, చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి సరిచేస్తానని డాక్టరు చెప్పారు. ఇకమీదట బరువులతో మెట్లెక్కరాదని కాగితం కూడా రాసిచ్చారు. సమయానికి కింది అంతస్తులో టపా తీసుకునే కుర్చీ ఖాళీ కాబోతోంది. గుమాస్తాగారి ప్రాణమంతా ఆ కుర్చీ మీదే ఉంది.

ఆపరేషన్‌కు ముందు బంధువర్గం తన విధి నిర్వర్తించింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టగల బావగారు వచ్చి, ఈ నొప్పికి మూలం చిన్నప్పుడు సరిగ్గా చదువుకోకపోవడమేనని తేల్చారు. పిమ్మట చొక్కా ఎత్తి, పదేళ్ళనాటి తన పొట్ట కోత చూపించారు. అది జానెడు పొడవు. దాని బలంతోనే ఆయన ప్రతి పెళ్ళిలోనూ ముందు వరుసలో కూర్చుంటున్నారు.

ఆసుపత్రిలో పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. ఏ కాలని ఏడుగురు అడిగారు. ఏడుసార్లూ కుడి అనే చెప్పారు కానీ, ఎనిమిదోసారికి ఆయనకే అనుమానం వచ్చింది. నడుముకు సూది పడ్డాక కాళ్ళు పరాయివైపోయాయి. తెర మీద తన మోకాలి లోపలి భాగం కనిపించింది. తెల్లగా, శుభ్రంగా, తన రికార్డు గది కంటే ఎంతో క్రమశిక్షణతో ఉంది. అరగంటలో పని ముగిసింది. మర్నాడే చేతికర్రతో నడుచుకుంటూ ఇల్లు చేరారు. ఆయన చేసిన తప్పు ఇదే.

చూడవచ్చినవాళ్ళు రెండు చిన్న పట్టీలు చూసి మొహమొహాలు చూసుకున్నారు. ఒకావిడ తెచ్చిన పళ్ళ సంచీ కింద పెట్టకుండానే, దారిలో ఇంకో రోగిని చూడాలని గుర్తుచేసుకుంది.

కార్యాలయంలో, కింది కుర్చీ కోసం ఆయన పెట్టుకున్న అర్జీ మీద త్రిసభ్య సంఘం ఏర్పడి, గాయాన్ని స్కేలుతో కొలిచింది. ఒక్కొక్కటి ఒక సెంటీమీటరు. "గాయ పరిమాణం అభ్యర్థన పరిమాణానికి అనుగుణంగా లేదు" అని నమోదు చేసింది. గుమాస్తాగారు డాక్టరు రాసిన కాగితం చూపబోయారు. ఉద్యోగ జీవితమంతా కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మని హెడ్ గుమాస్తా దాన్ని పక్కకు నెట్టారు.

"కాగితానిదేముందండీ, ఎవరైనా రాస్తారు. కంటికి కనపడొద్దూ?"

ఇంతలో మణికట్టు బెణికి మోచేయి దాటేలా పిండికట్టు వేయించుకున్న సహోద్యోగి పేరు ఆ కుర్చీకి గట్టిగా వినిపించసాగింది.

ఆ సాయంత్రం భార్య దూదీ కట్టుగుడ్డలూ తెచ్చి మంచం మీద పడేసింది.

"డాక్టరు రోజూ మోకాలు వంచమన్నాడే," అన్నారాయన.

"వంచితే మెట్లెక్కిస్తారు. వంచకపోతే కూర్చోబెడతారు. ఆ పైన మీ ఇష్టం."

మర్నాడు తొడ నుంచి మడమ దాకా కట్టుతో గుమాస్తాగారు ప్రవేశించగానే కార్యాలయం లేచి నిలబడింది. త్రిసభ్య సంఘం కళ్ళు తుడుచుకుంది. లిఫ్టు తలుపు తీసి పట్టుకున్నారు. పెద్ద అధికారి ఉపన్యసించారు: "ఇటువంటి త్యాగమూర్తులు ఉండబట్టే ఈ సంస్థ తన కాళ్ళ మీద తాను నిలబడగలిగింది." కుర్చీ మంజూరైంది.

ఇక కట్టు విప్పితే కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియదు. అందుకని విప్పలేదు. మూడు నెలలకు విప్పి చూస్తే, నిక్షేపంగా నయమైన మోకాలు వంగడం మానేసింది. డాక్టరు తిట్టాల్సినంతా తిట్టి, ఈసారి రంధ్రాలతో కుదరదని, పెద్ద కోత పెట్టి తెరవాలని చెప్పారు. గుమాస్తాగారికి నిజంగానే ఏడుపొచ్చింది. పక్కనున్న భార్య మాత్రం, ఎంత పెద్దదండీ అని ఆశగా అడిగింది.

ఆపరేషన్ వచ్చేవారం. మనమందరం తప్పకుండా వెళ్ళి చూసి రావాలి. మొదటిసారి ఆయన నొప్పి అన్నప్పుడు మనలో ఎవరమూ నమ్మలేదు.