లేని పంపుకి పాత పంపు

నాకున్న భయాల్లోకెల్లా పెద్దది ఇది: ఏదో ఒక ఉదయం కొండ మలుపులో బండి సగం తిరిగాక, మా అత్తయ్య కుడిభుజం ఇక నావల్ల కాదని మొరాయించడం, ఆ సమయానికి పక్క సీట్లో నాలుగేళ్ల నా కూతురు కూర్చుని ఉండటం. మిగతా భయాలన్నీ (పాలు విరగడం, గ్యాసు అయిపోవడం, బడి నుంచి ఫోను రావడం) దీని ముందు దిగదుడుపే.

ఈ భయం పోగొట్టుకుందామని బయల్దేరి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, మానవజాతి ఇన్ని వేల ఏళ్లుగా సాధించిన ప్రగతి అంతా ఒకే ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది. ఏ వస్తువైనా పొందాలంటే, అది ముందే మన దగ్గర ఉండాలి.

మా అత్తయ్యకి యాభై ఎనిమిదేళ్లు. కొండ మీది ఇళ్ల పిల్లల్ని, నా కూతురితో కలిపి పదకొండు మందిని, కింద ఉన్న బడికి జీపులో దించి సాయంత్రం పైకి తెస్తుంది. దారి అనేది పేరుకే. రాళ్లూ, గోతులూ, వాటి మధ్య పదహారు మలుపులు. పొద్దున దిగాలి, ఎక్కాలి. సాయంత్రం మళ్లీ దిగాలి, ఎక్కాలి. వెరసి రోజుకి అరవై నాలుగు మలుపులు. జీపు అత్తయ్యకంటే ఓ పదేళ్లు చిన్నదంతే. దాని స్టీరింగు తిప్పడమంటే మొండికేసిన దున్నపోతుని కొమ్ములు పట్టి పక్కకి లాగడమే.

నేనూ నడిపి చూశాను. స్టీరింగు కదల్లేదు, నేనే దానికి తడిబట్టలా వేలాడాను. మా ఆయన దర్జీ. జీపు ఎక్కితే చాలు ఆయనకి వాంతులు. తన వంతు సాయంగా స్టీరింగుకి మెత్తటి తొడుగు కుట్టి తెచ్చారు.

"కొలత సరిపోయిందా అమ్మా?"

"తొడుగు బ్రహ్మాండంగా ఉందిరా. ఆ చేత్తోనే దీన్ని తిప్పే మనిషిని కూడా ఒకణ్ణి కుట్టి పెట్టు," అంది అత్తయ్య, ఎడమచేత్తో భుజం పిసుక్కుంటూ.

డాక్టరు భుజానికి విశ్రాంతి ఇమ్మన్నాడు. బడివాళ్లు పిల్లల్ని ఎనిమిదింటికి పంపమన్నారు. ఈ రెండు ఆదేశాలనీ సమన్వయపరిచిన ఒకే ఒక్క మనిషి మా మెకానిక్, గ్రీజు బాబాయ్. ఆయన ముందు జీపునీ, తర్వాత అత్తయ్యనీ చూసి, ఇద్దరిలో ఎవరి పరిస్థితి అధ్వాన్నమో తేల్చుకోలేక కాసేపు నిలబడ్డాడు.

"దీనికి పవర్ స్టీరింగు పెట్టేద్దాం వదినా. ఇంజిను బలంతో పంపు తిరుగుతుంది, పంపు నూనెని తోస్తుంది, ఆ నూనె నీ బదులు చక్రాల్ని తోస్తుంది. నువ్వు చూపుడు వేలితో తిప్పితే చాలు."

"మరి ఇన్నేళ్లూ ఈ ముక్క నీ నోట్లో ఏం ఇరుక్కుని రాలేదయ్యా?" అంది అత్తయ్య.

సామాను వేట మొదలైంది. స్టీరింగు బాక్సు తుక్కు దుకాణంలో, బోల్తాపడ్డ ఒక వ్యాను కింద దొరికింది. గొట్టాలు, బెల్టు, నూనె డబ్బా బజారులో దొరికాయి. పంపుని ఇంజిను పక్కన పట్టి ఉంచే ఇనప పట్టీ ఎక్కడా దొరకదు. బాబాయ్ చెప్పుల అట్టపెట్టె చించి, దాని మీద నమూనా గీసి, మందపాటి రేకు కోసి తనే చేసేశాడు. బోల్టు రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. ఇక్కడివరకూ అంతా సుళువుగా నడిచింది. ఎందుకంటే ఇక్కడివరకూ ఏ విధానమూ లేదు.

మిగిలింది పంపు ఒక్కటే. దానికి విధానం ఉంది.

ముందుగా పంపులు పంపిణీ చేసే సంస్థ వారి యాప్. అందులో మొదటి గడి: 'ప్రస్తుతం మీ బండిలో ఉన్న పంపు నంబరు'. పక్కన తప్పనిసరి అని ఎర్రచుక్క. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది కాబట్టి, ప్రశ్న అర్థం కాకపోవడం నా లోపమేనేమోనని మూడుసార్లు చదివాను. చివరికి సున్నా కొట్టాను. 'సున్నా నంబరు పంపు ప్రస్తుతం స్టాకులో లేదు. రాగానే తెలియజేస్తాం' అని వచ్చింది. (ఆ సంస్థ మాట తప్పేది కాదు. ఇంకా రాలేదని ప్రతి సోమవారం తెలియజేస్తూనే ఉంది.)

దాంతో బడి సెలవు రోజు చూసి, చిన్నదాన్ని చంకనేసుకుని విడిభాగాల పంపిణీ కేంద్రానికి వెళ్లాను. గంటన్నర వరుసలో నిలబడ్డాక గుమాస్తా చెయ్యి చాపాడు.

"పాత పంపు ఇవ్వండమ్మా."

"పాతది లేదు సార్."

"పాడైందా, పోయిందా?"

"అసలు ఎప్పుడూ లేదండీ. అందుకే కొత్తది కావాలి."

గుమాస్తా కళ్లజోడు తీశాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన జాలి ఉంది. "పాతదే లేనప్పుడు కొత్తదెందుకమ్మా నీకు?"

మార్పిడి నిబంధన పద్నాలుగు ప్రకారం పాతది అప్పగిస్తేనే కొత్తది చేతికిస్తారు. దొంగసొత్తుని అరికట్టడానికట. (పుట్టినప్పటినుంచీ పంపు లేని బండికి నేను పాత పంపు పట్టుకొస్తే, అది దొంగసొత్తే అయ్యుంటుందన్న సంగతి నిబంధన దృష్టికి ఎవరూ తీసుకెళ్లలేదు.) తుక్కు దుకాణంలోనూ పాత పంపులు లేవు. అన్నీ ఈ కౌంటరుకే చేరాయి. గుమాస్తా వెనక కప్పుదాకా గుట్టగా పడి ఉన్నాయి.

చిన్నది ఆ గుట్టని తేరిపార చూసింది.

"తాతా, అవన్నీ ఎవరివి?"

"పాతవి తల్లీ."

"మరి ఒకటి మా అమ్మకియ్యి. మా అమ్మ మళ్లీ నీకిచ్చేస్తుంది."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. పుస్తకం తీసి, రెండు పేజీలు తిప్పి, న్యాయంగా ఆలోచించాడు.

"అలా చేస్తే మీ అమ్మ పాత పంపు తీసుకున్నట్టవుతుంది తల్లీ. పాతది తీసుకోవాలంటే అంతకంటే పాతది తేవాలి."

"ఓహో," అంది చిన్నది. ఆ నిబంధన అర్థమైన మొదటి పౌరురాలు అదే.

ఎప్పుడూ పంపు లేనివాళ్ల కోసం కూడా ఒక దారి ఉందనీ, ప్రభువులు ఎవరినీ మరిచిపోలేదనీ గుమాస్తా చెప్పాడు. రెండో అంతస్తుకి వెళ్లి లేమి ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల దగ్గర లేమి పరిశీలనాధికారి కూర్చుని ఉన్నారు. సన్నగా, మర్యాదగా ఉన్నారు. నాకు కుర్చీ కూడా చూపించారు. (ఆఫీసులో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి కావడంతో, లేవమంటారేమోనని అంచునే కూర్చున్నాను.) ముందుచూపుతో నేను ఫోనులో తీసుకెళ్లిన ఫొటో ఇచ్చాను. పంపు ఉండాల్సిన చోటు అది.

"ఇందులో ఏమీ కనబడటం లేదమ్మా."

"అదేనండీ నేను చెప్పేది."

"ఏమీ కనబడని ఫొటో చెల్లదు. లేమిని నేను ప్రత్యక్షంగా చూడాలి. బండి తెప్పించండి."

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య బండి దించింది. బాబాయ్ కూడా వచ్చాడు. అధికారిగారు బ్యాటరీ లైటు పట్టుకుని బానెట్‌లోకి తలపెట్టి, పావుగంటసేపు పంపు లేకపోవడాన్ని పరిశీలించారు.

"ఇక్కడ లేదు. ఈ వైపూ లేదు. ఇంకెక్కడైనా లేకుండా ఉందా?"

"మా ఇంట్లో కూడా లేదు నాయనా. వచ్చి మంచం కింద చూస్తానంటే రా," అంది అత్తయ్య.

ఆయన అదీ రాసుకున్నారు. ఆ తర్వాత తొమ్మిదో గడి వచ్చింది: 'లేమి వలన కలుగు ఇబ్బందిని అధికారి స్వయముగా నిర్ధారించవలెను.' అత్తయ్య భుజం నొప్పి అని నేను రాసిన దాన్ని ఆయన సున్నితంగా కొట్టేశారు. అది అభ్యర్థి అభిప్రాయం కిందికి వస్తుందట. చొక్కా చేతులు మడిచి, డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఆగి ఉన్న బండికి స్టీరింగు మరీ బరువని బాబాయ్ చెప్పబోయాడు. సూచనలు పరిశీలన ముగిశాకే స్వీకరిస్తామని అధికారిగారు అన్నారు.

మొదటి పావు మలుపుకి ఆయన మొహం ఎర్రబడింది. అర మలుపుకి కళ్లజోడు జారింది.

"ఇంకాస్త నాయనా, ఇంకాస్త. ఊపిరి తీసుకో. ఆఁ, వచ్చేస్తోంది, వచ్చేస్తోంది," అంటూ అత్తయ్య పక్కన నిలబడి కాన్పు చేస్తున్న మంత్రసానిలా ధైర్యం చెప్పింది.

ముప్పావు మలుపు దగ్గర 'టక్' మని ఒక చప్పుడు. బాబాయ్ కంగారుగా బండి కిందికి దూరాడు.

"బండిది కాదులేవయ్యా," అంది అత్తయ్య. "ఆ చప్పుడు నాకు తెలుసు."

అధికారిగారి నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను. కుడిచెయ్యి వేలాడుతున్నా, ఎడమచేత్తో తొమ్మిదో గడిలో 'ఇబ్బంది కలదు' అని రాశారు. ఒక్క క్షణం ఆగి, ముందు 'మిక్కిలి' చేర్చారు. ఆ చేత్తోనే సంతకం పెట్టారు. నేను కాగితం పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను.

గుమాస్తా భూతద్దం పెట్టి, దస్త్రంలోని నమూనా సంతకంతో పోల్చి చూశాడు.

"ఇది ఆయన సంతకం కాదమ్మా."

"ఆయనే పెట్టారు సార్. నా కళ్లతో చూశాను."

"పెట్టింది ఆయనే కావచ్చు. సంతకం ఆయనది కాదు."

అధికారి అశక్తులైతే ఆయన బదులు మరొకరు సంతకం చేసే ఏర్పాటు ఉంది. ఆ మరొకరిని నియమిస్తూ ఆయన సంతకం చేయాలి.

ఆయన తిప్పింది ఒక్క మలుపు. అదీ పూర్తి మలుపు కాదు. ఆ సాయంత్రం మా అత్తయ్య అదే స్టీరింగుతో పదహారు మలుపులూ తిప్పి, పదకొండు మంది పిల్లల్నీ నన్నూ ఇంటికి చేర్చింది. దారిలో పిల్లలతో పాట కూడా పాడించింది. ఆవిడ భుజం బాధ ఏ గడిలోనూ చేరలేదు.

ఇది జరిగి మూడు వారాలు. స్టీరింగు బాక్సు, గొట్టాలు, బాబాయ్ చేసిన పట్టీ మా మంచం కింద ఉన్నాయి. పంపు ఇస్తే ఒక్క పూట పని అంటాడు బాబాయ్. ఇంకో రెండు వారాల్లో వానలంటున్నారు. తడిస్తే ఆ మట్టిదారి సబ్బుబిళ్ల. రోజూ పొద్దున చిన్నదాని సీటుబెల్టు రెండుసార్లు లాగి చూస్తాను, వెనక్కి వచ్చి మూడోసారి లాగుతాను. "దాన్ని ఊపిరాడనిస్తావా లేదా?" అని అత్తయ్య కసురుతుంది.

అధికారిగారూ, అత్తయ్యా ఇప్పుడు అక్కాతమ్ముళ్లయ్యారు. రోజూ ఫోన్లో భుజాల గురించే మాట్లాడుకుంటారు. వేడినీళ్లా చన్నీళ్లా, ఏ పక్కకి తిరిగి పడుకోవాలి, చొక్కా ముందు ఏ చేతికి తొడగాలి. ఎలా ఉందని అడిగితే ఆయన ప్రతిసారీ "చాలా నయం అక్కా, రేపో ఎల్లుండో సంతకం పెట్టేస్తా" అంటారు. మర్యాదస్థులు కదా, బాగాలేకపోయినా అదే అంటారు. మా అత్తయ్యా అంతే. "నీకెలా ఉంది?" అని ఆయన అడిగితే "నాకేం, దుక్కలా ఉన్నా" అంటుంది, అంటూ ఫోను ఎడమచేతికి మార్చుకుంటుంది.

అందుకని మీకో విన్నపం. మీలో ఎవరైనా ఆ ఆఫీసు వైపు వెళ్తే, రెండో అంతస్తుకి ఎక్కి, కిటికీ పక్క బల్ల దగ్గర ఆయన ఎలా ఉన్నారో ఒక్కసారి చూడండి. ఏమీ అడగక్కర్లేదు. టీ కప్పు ఏ చేత్తో ఎత్తుతున్నారో చూస్తే చాలు. కుడిచెయ్యి అయితే వెంటనే అత్తయ్యకి ఫోను చేయండి. ఒక్కమాట, బడి పెట్టే వేళా, వదిలే వేళా మాత్రం చేయొద్దు, ఆవిడ ఎత్తదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంటాయి.